పాచిక వెయ్యక్కర్లేని పని

మీ అంబులపొదిలో ఇరవై బాణాలున్నాయి. ఇరవై ఒకటోది కావాల్సి వస్తే?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో విల్లు పట్టిన ప్రతివాళ్లకీ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది. అర్జునుడికి ఎదురు కాలేదు. ఖాండవ దహనానికి ముందు అగ్నిదేవుడు వరుణుణ్ని అడిగి గాండీవంతో పాటు అక్షయ తూణీరాలు కూడా ఇప్పించాడు. ఈ ఆటలో మొదటి లెవెల్ రేంజర్‌కి అలాంటి వరమేదీ ఉండదు. పొదిలో పట్టేవి ఇరవై, వాటి ధర ఒక బంగారు నాణెం, అయిపోతే అయిపోయినట్టే.

చాలామంది ఈ లెక్క పట్టించుకోరు. పాత్ర వివరాలు రాసుకునే క్యారెక్టర్ షీట్ మీద 'బాణాలు' అని రాసి, పక్కన అంకె వెయ్యకుండా వదిలేస్తారు. ఆట నడిపేవాళ్లు కూడా చూసీ చూడనట్టు పోతారు. దానివల్ల ఆట ఏమీ ఆగదు. కానీ ఉన్న బాణాలు లెక్కపెట్టుకుని, తగ్గితే అడవిలో పుల్లలు కోసుకుని తనే చేసుకునే ఆటగాడికి అబ్బే గుణాలు, అంకె వెయ్యనివాడికి ఎన్నేళ్లు ఆడినా అబ్బవు. అవి బల్ల దగ్గరే ఆగిపోవు. చదువులోకీ ఉద్యోగంలోకీ వస్తాయి. మా బల్ల దగ్గర కూర్చున్న పిల్లల్లో ఇది కళ్లారా చూశాను కాబట్టే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆట తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీన్ని తయారు చేశారు. విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవాలోని టీఎస్‌ఆర్ అనే చిన్న కంపెనీ అచ్చు వేసింది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు డంజన్ మాస్టర్, అంటే కథ నడిపే మనిషి. అందరూ డీఎం అంటారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు కత్తివీరుడు, ఒకరు మంత్రగాడు, ఒకరు అడవి దారులు తెలిసిన రేంజర్. 'నేను ఫలానా పని చేస్తాను' అని చెప్పాలి. అది జరుగుతుందా లేదా అన్న అనుమానం వస్తే ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. 'స్ట్రేంజర్ థింగ్స్' సీరియల్ వచ్చాక ఈ ఆట పేరు మన పిల్లలకీ బాగా తెలిసింది.

అదృష్టానికి హద్దు గీసుకోండి

యుద్ధంలో బాణం వేశారంటే పాచిక వెయ్యాల్సిందే. ఎంత చెయ్యి తిరిగిన విలుకాడైనా పాచిక మీద ఒకటి పడితే బాణం తప్పిపోతుంది. ఇరవై సార్లకు ఒకసారి అలా పడే అవకాశం ఉంటుంది. ఏళ్ల తరబడి పెంచుకున్న నైపుణ్యం కూడా ఆ ఒకటి ముందు పనిచెయ్యదు.

అదే బాణం తయారు చేసేటప్పుడు? 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ తెరిచి, వస్తువుల తయారీ గురించి రాసిన భాగం చదవండి. అక్కడ పాచిక ఊసే లేదు. పనిముట్టు పట్టడం తెలిసి ఉండాలి, సరుకు ఉండాలి, తగినన్ని రోజులు ఉండాలి. ఈ మూడూ ఉంటే వస్తువు తయారైపోతుంది. పెద్ద కత్తి అయినా అంతే, చిన్న బాకు అయినా అంతే.

2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో తయారీకి పాచిక ఉండేది. అయిదు, అంతకన్నా ఎక్కువ తేడాతో తప్పితే సగం ముడిసరుకు పాడైపోయేది. కానీ అదే పుస్తకంలో 'టేక్ టెన్' అని ఒక వెసులుబాటు కూడా ఇచ్చారు. తొందర లేనప్పుడు, మీదికి ఎవరూ దూకనప్పుడు, పాచిక వెయ్యకుండానే పది పడినట్టు లెక్క వేసుకోవచ్చు. పది పెద్ద అంకె కాదు. మధ్యరకం. అయితే నైపుణ్యం ఉన్నవాడికి ఆ మధ్యరకం చాలు, పని సాఫీగా అయిపోతుంది. కత్తులు దూస్తున్న గదిలో ఈ వెసులుబాటు దొరకదు. నిమ్మళంగా కూర్చున్నప్పుడే దొరుకుతుంది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. మన జీవితంలో కొన్ని పనులకు పాచిక ఉంటుంది, కొన్నింటికి ఉండదు. ఇంటర్వ్యూ బోర్డులో ఎవరు కూర్చుంటారు, వాళ్లు ఆ పూట ఏ చిరాకులో ఉంటారు, మొదటి ప్రశ్న ఏం వేస్తారు... ఇదంతా పాచిక. మీరు చేసిన ప్రాజెక్టు గురించి మూడు నిమిషాల్లో తడబడకుండా చెప్పడం ముందుగా సాధన చేసుకోవడంలో పాచిక లేదు. పరీక్ష పేపర్ ఎలా వస్తుందో పాచిక. పాత పేపర్లు చేతిగడియారం ముందు పెట్టుకుని రాయడానికి ఎవరి దయా అక్కర్లేదు. మన ఆందోళనంతా మొదటి రకం పనుల చుట్టూ తిరుగుతుంది, మన చేతిలో ఉన్న గంటలన్నీ రెండో రకం పనులకు పనికొస్తాయి. ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. రాబోయే నెలలో మీకున్న పనులన్నీ అటో ఇటో రాయండి. పాచిక లేని వైపు ఏమేం పడ్డాయో చూసుకుని ఈ వారం అందులోంచే ఒకటి మొదలుపెట్టండి.

గంటకు అయిదు బాణాలు

2017లో వచ్చిన 'జానథార్స్ గైడ్ టు ఎవ్రీథింగ్' అనే పుస్తకంలో కొయ్య చెక్కే పనిముట్ల గురించి ఒక చిన్న నియమం ఉంది. నాకు ఆ పుస్తకం మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైన నియమం అదే. కొయ్య చెక్కే పనిముట్లు వాడడం తెలిసిన పాత్ర, కర్ర చేతిలో ఉంటే, షార్ట్ రెస్ట్‌లో అయిదు బాణాల దాకా, లాంగ్ రెస్ట్‌లో ఇరవై దాకా చేసుకోవచ్చు. షార్ట్ రెస్ట్ అంటే ఒక గంట కూర్చుని గాయాలకు కట్టు కట్టుకోవడం, ఇంత తినడం. లాంగ్ రెస్ట్ అంటే ఎనిమిది గంటలు. అందులో కనీసం ఆరు గంటలు నిద్రపోవాలి. మిగిలిన రెండు గంటలు కాపలా కాయడం లాంటి తేలిక పనులకు.

ఇక్కడ గమనించండి. బాణాలు చేస్తే విశ్రాంతి పోయిందని ఆ నియమం అనలేదు. గాయం మానుతుంది, అలసట తీరుతుంది, పొదిలో అయిదు బాణాలూ చేరతాయి. చేతులతో చేసే చిన్న పని విశ్రాంతికి అడ్డు రాదని ఆట రాసినవాళ్లు ఒప్పుకున్నారు. మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటూనే విస్తళ్లు కుట్టినవాళ్లూ, ఒత్తులు చేసినవాళ్లూ ఎవరూ ఆ పూట తమకు విశ్రాంతి దక్కలేదని అనుకోలేదు.

అయితే హద్దు కూడా అదే నియమంలో ఉంది. అయిదే. షార్ట్ రెస్ట్‌లో ఇరవై చేస్తానంటే డీఎం ఒప్పుకోరు. గ్రూప్స్‌కి చదివే అభ్యర్థులు ఈ హద్దును గట్టిగా పట్టుకోవాలి. కోచింగ్ సెంటర్ నుంచి రూముకి వచ్చే బస్సులో ఇండియన్ పాలిటీ మొత్తం తిరగేస్తామని కూర్చుంటే తల బరువెక్కుతుంది, పాలిటీ తలకెక్కదు. అయిదు ఆర్టికల్స్ పెట్టుకోండి. ఆ అయిదూ నోటికి వచ్చాక ఫోన్ జేబులో పెట్టి కిటికీలోంచి బయటికి చూడండి. రేపటి బస్సులో ఇంకో అయిదు.

రోజు విలువ ఎంత?

2014 పుస్తకంలోని తయారీ నియమంలో మూడు అంకెలున్నాయి. ఒక మనిషి రోజుకు అయిదు బంగారు నాణేల విలువైన పని చెయ్యగలడు. ముడిసరుకుకు వస్తువు ధరలో సగం పెట్టాలి. పనిచేసినన్ని రోజులూ రోజుకు ఒక నాణెం ఖర్చయ్యే సాదా జీవనం దానంతటదే గడిచిపోతుంది.

ఈ లెక్కన చూద్దాం. పొడవాటి కత్తి ధర పదిహేను నాణేలు, మూడు రోజుల పని. పెద్ద విల్లు యాభై నాణేలు, పది రోజులు. బాకు రెండే నాణేలు, పూట తిరక్కుండా అయిపోతుంది. తల నుంచి పాదం దాకా కప్పే ఉక్కు కవచం పదిహేను వందల నాణేలు. దానికి మూడు వందల రోజులు.

మూడు వందల రోజులు! కొత్తగా ఆడేవాళ్లు ఈ అంకె చూడగానే తయారీ అంటేనే విసుక్కుంటారు. 'ఇంతదానికి రెండు గుహలు దోచుకుంటే కవచం కొనుక్కోవచ్చు కదా' అంటారు. నిజమే, కొనుక్కోవచ్చు. ఆ పుస్తకమే ఇంకో దారి కూడా చూపిస్తుంది. పని తెలిసినవాళ్లు ముగ్గురు కలిసి కూర్చుంటే అదే కవచం వంద రోజుల్లో, ఏడు వందల యాభై నాణేల సరుకుతో పూర్తవుతుంది. కాబట్టి ప్రతి వస్తువు ముందూ ఆగి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. నేనొక్కణ్నే చెయ్యాలా? తోడు పెట్టుకోవాలా? కొనుక్కోవాలా?

అన్నీ సొంత చేత్తోనే చెయ్యాలన్న పట్టుదలను నేను మెచ్చుకోను. లండన్‌లో విల్లు చేసేవాళ్లూ బాణాలు చేసేవాళ్లూ మొదట ఒకే సంఘంలో ఉండేవారు. 1371లో బాణాలు చేసేవాళ్లు మేయర్‌కు అర్జీ పెట్టుకుని విడిగా తమ సంఘం తాము పెట్టుకున్నారు. అంత దగ్గరి పనులే రెండు వృత్తులయ్యాయి, ఎందుకంటే ఒక్కోటి ఒక్కో జీవితకాలం అడుగుతుంది. ఇల్లు కట్టుకునేవాళ్లు, కొత్తగా వ్యాపారం పెట్టినవాళ్లు, సొంతంగా యాప్ తయారు చేస్తున్న కుర్రాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. రోజూ అయిపోయే వస్తువును సొంతంగా చేసుకోవడం నేర్చుకోండి. జీవితంలో ఒకసారే అవసరమయ్యేదాన్ని తెలిసినవాడి దగ్గర కొనుక్కోండి. బాణం మొదటి రకం. ఉక్కు కవచం రెండో రకం.

ఇంకో సంగతి. 2024లో వచ్చిన కొత్త హ్యాండ్‌బుక్‌లో రోజు పని విలువను అయిదు నుంచి పది నాణేలకు పెంచారు. ఆటలో అది పుస్తకం మార్చినందువల్ల పెరిగింది. మీ విషయంలో అది మీరే కనిపెట్టాలి. ఒక పని నిరుడు మీకు ఎన్ని గంటలు పట్టేది, ఇప్పుడెంత పడుతోంది? నెలజీతం అంకె అందరికీ తెలుసు. గంటలో మన చెయ్యి ఎంత పని చేస్తుందో చాలామందికి తెలియదు. ఎక్సెల్ రిపోర్టో, చీర మీద మగ్గం వర్కో, వంద పేపర్లు దిద్దడమో, మీ పని ఏదైతే అది, వారం రోజులు గడియారం చూసి రాసుకోండి. ఆ అంకె తెలిసిన మనిషి 'రేపటికల్లా ఇచ్చేస్తా' అని నోరు జారడు. ఎవరికీ మాట ఇచ్చి తప్పడు.

విద్యకు అయ్యే ఖర్చు

కొయ్య పనిముట్ల ధర ఒకే ఒక్క నాణెం. అవి వాడడం నేర్చుకోవడానికి మాత్రం 2014 పుస్తకం ప్రకారం రెండు వందల యాభై రోజులు, రోజుకు ఒక నాణెం చొప్పున రెండు వందల యాభై నాణేలు. ఆ డబ్బుతో అయిదు పెద్ద విళ్లు కొనుక్కోవచ్చు. అయిదు వేల బాణాలు కొనుక్కోవచ్చు. మరి ఎవరైనా ఎందుకు నేర్చుకోవాలి?

ఈ ప్రశ్నను చాలా గౌరవంగా తీసుకోవాలి. ఎందుకంటే మన పిల్లలు ఇదే ప్రశ్న ఇంకో రూపంలో అడుగుతున్నారు. రెడీమేడ్‌గా దొరికేదాన్ని నేర్చుకోవడం దేనికి, యాప్ చేసి పెట్టేదాన్ని చేత్తో చెయ్యడం దేనికి అని. డబ్బు లెక్కలో వాళ్లదే ఒప్పు. ఆ లెక్కలోకి రానిది ఒకటుంది, అంగడి ఎంత దూరంలో ఉందన్నది. ఆటలో అసలు ప్రమాదాలన్నీ అంగడి లేని చోటే వస్తాయి. కొండ లోయలో, నాలుగు రోజులుగా ఊరు కనపడని అడవిలో, భూమి అడుగున సొరంగంలో. అక్కడ జేబులో ఉన్న అయిదు వందల నాణేలు ఒక్క బాణం కూడా కాలేవు. పనిముట్ల సంచీ, దాన్ని వాడే చెయ్యీ ఉంటే పక్కనున్న చెట్టు బాణాలవుతుంది.

మీ జీవితంలో అంగడి లేని చోటు ఏది? ఒక్కొక్కళ్లకు ఒక్కోటి. పరాయి దేశంలో చదువుకునే కుర్రాడికి అది ఆదివారం రాత్రి హోటళ్లు మూసేశాక వంటగది. నైట్ షిఫ్ట్‌లో సర్వర్ పడిపోయినప్పుడు, సీనియర్లంతా నిద్రలో ఉన్నప్పుడు, కొత్తగా చేరిన ఇంజినీర్‌కి ఆ గంటే అడవి. ముందు ఆ చోటేదో గుర్తించండి. అక్కడ పనికొచ్చే విద్య ఒకటి ఎంచుకోండి. దానికి రెండు వందల యాభై రోజులు పట్టినా వెనకాడకండి.

బాణం చేస్తానన్న అమ్మాయి

మా బల్ల దగ్గర రేంజర్‌గా ఆడే అమ్మాయి ఒకరున్నారు. మొదట్లో చాలా తక్కువ మాట్లాడేది. తన వంతు వస్తే 'బాణం వేస్తాను' అని పాచిక వేసి ఊరుకునేది. ఒక రోజు మా జట్టు అడవిలో విడిది చేసింది. ఆమె డీఎం వైపు తిరిగి అంది.

"అన్నా, రెండో జాము కాపలా నాదే కదా. నిప్పు దగ్గర కూర్చుని బాణాలు చేసుకుంటాను."

"సరేనమ్మా. ఎలా చేస్తావో చెప్పు."

ఆయన పరీక్షించడానికి అడగలేదు. కథలోకి రమ్మని పిలిచాడు. ఆమె చెప్పింది. పొద్దున దారిలో కోసి ఆరబెట్టిన పుల్లలు తీసిందట. బెరడు గీకింది. వంకర ఉన్న చోట నిప్పుసెగ చూపించి, వేడి మీదుండగానే మోకాలికి ఆనించి సరిచేసింది. ఒక కన్ను మూసి పుల్ల పొడవునా చూసింది. చివర నారి పట్టడానికి గాడి కోసింది. ఆ గాడి చీలిపోకుండా దాని కింద నార బిగించి చుట్టింది. పెద్ద పక్షి ఈకలు నిలువునా చీల్చింది. ఒక బాణానికి మూడు ముక్కలు. మూడూ ఒకే వైపు రెక్కవి. కుడి రెక్క ఈకా ఎడమ రెక్క ఈకా కలిపి కడితే ఒకటి అటు తిప్పుతుంది, ఒకటి ఇటు. బాణం గాలిలో నిలకడగా తిరగదు. జిగురు రాసి, ఈక పోగుల మధ్యనుంచి సన్నటి దారం పోనిచ్చి కట్టింది. మొన బిగించింది.

బల్ల చుట్టూ ఎవరూ ఫోన్ వైపు చూడలేదు. 'కర్ర పన్నెండింటికే ఉందమ్మా, పన్నెండు రాసుకో' అన్నాడు డీఎం. ఆమె షీట్ మీద పన్నెండు అని వేసుకుంది. ఆ రోజు నుంచి ఆ అమ్మాయి మాట తీరే మారిపోయింది. ఆఫీసు మీటింగుల్లో కూడా ఇప్పుడు తన పని అంచెలంచెలుగా చెప్పగలుగుతున్నానని తనే నాతో అంది.

దీన్నుంచి తీసుకోవాల్సిన సలహా సూటిగా చెబుతాను. మీరు చేసే పని ఏదైనా, తెలియనివాడికి అంచెలంచెలుగా చెప్పగలగాలి. 'టెస్టింగ్ చేస్తాను', 'అకౌంట్స్ చూస్తాను' అని ఒక్క ముక్కలో తేల్చెయ్యకండి. మొదట ఏం చేతిలోకి తీసుకుంటారు, వంకర ఎక్కడ వస్తుంది, దాన్ని ఎలా పట్టుకుంటారు, ఎలా సరిచేస్తారు? అంచెలు తెలిసినవాడికి తప్పు ఏ అంచెలో వచ్చిందో తెలుస్తుంది. తెలియనివాడు మొత్తం పారేసి మళ్లీ మొదలుపెడతాడు.

విలువిద్య తెలిసినవాళ్లు చెప్పే మాట ఇంకొకటి ఇక్కడ చేర్చాలి. బాణం నునుపుగా, నిటారుగా ఉంటే సరిపోదు. దాని బిగువు వింటి బలానికి తగినట్టు ఉండాలి. బలమైన వింటికి మరీ మెత్తటి పుల్ల కడితే అది వదిలీవదలగానే ఎక్కువ వంగి పక్కకు పోతుంది. మెత్తటి వింటికి మరీ బిరుసు పుల్ల కట్టినా గురి తప్పుతుంది. స్నేహితుడికి బాగా పనికొచ్చిన కోర్సు మీకు పనికిరాకపోతే మీలో లోపముందని కుంగిపోకండి. మీ విల్లు ఏదో చూసుకుని పుల్ల కోసుకోండి.

సగం చేసి వదిలేసినవి

1991లో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దు కొండల్లో, కరుగుతున్న మంచులో ఒక మనిషి శరీరం దొరికింది. దాదాపు 5,300 ఏళ్ల నాటిది. ఆస్ట్రియా విలేకరి ఒకరు అతనికి ఎట్జీ అని పేరు పెట్టారు. ఇప్పుడు ఇటలీలోని బోల్జానో మ్యూజియంలో ఉన్నాడు. అతని దగ్గర తోలు అంబులపొది ఉంది. అందులో పద్నాలుగు బాణాలు. పూర్తయినవి రెండే. వాటికి చెకుముకి రాతి మొనలున్నాయి, ఈకలను దారంతో చుట్టి, బిర్చ్ చెట్టు బంకతో అతికించి ఉన్నాయి. మిగతా పన్నెండూ వట్టి పుల్లలు. అతని విల్లు కూడా చెక్కడం పూర్తికాలేదు. పదేళ్ల తర్వాత ఎక్స్‌రేలో తెలిసిందేమిటంటే, అతని ఎడమ భుజంలో ఎవరో వేసిన బాణం మొన ఉంది. దానివల్లే చనిపోయాడు.

అతను బద్ధకస్తుడని నేను అనను. ఆ ఈకల కట్టు చూసినవాళ్లెవరూ అనరు. చెయ్యి తిరిగిన మనిషే, టైం దొరకలేదు. అందుకే ఆటలో తయారీ చేసేవాళ్లకు నేనొక పద్ధతి గట్టిగా చెబుతుంటాను. ఇరవై పుల్లలకూ ఒకేసారి బెరడు గీకి, ఆ తర్వాత ఇరవైకీ గాడులు కోసి, ఆ తర్వాత ఈకలు కడదామనుకోకండి. మధ్యలో దాడి జరిగితే చేతిలో ఇరవై పుల్లలుంటాయి, ఒక్క బాణమూ ఉండదు. నాలుగు తీసుకుని నాలుగూ మొన దాకా పూర్తి చెయ్యండి. తర్వాత ఇంకో నాలుగు. పెద్ద ఫ్యాక్టరీకి మొదటి పద్ధతి లాభం కావచ్చు. ఎప్పుడు ఏ ఆటంకం వస్తుందో తెలియని మనిషికి రెండోదే క్షేమం. సగం రాసిన రెజ్యూమె, సగంలో ఆపిన ఆన్‌లైన్ కోర్సు, సగం చదివిన పుస్తకాలు పన్నెండు ఉన్నాయా? కొత్తది మొదలుపెట్టకుండా, అన్నిటికంటే ముగింపుకు దగ్గరగా ఉన్నదాన్ని ఈ ఆదివారం ముగించండి.

యుద్ధం అయ్యాక ఒక్క నిమిషం

ఐదో ఎడిషన్‌లో ఇంకో చక్కటి నియమం ఉంది. యుద్ధం ముగిశాక ఒక నిమిషం వెచ్చించి నేల వెతికితే వేసిన బాణాల్లో సగం తిరిగి దొరుకుతాయి. అడగాలి, అంతే. అడగనివాళ్లకు దొరకవు. గెలిచిన సంబరంలో నిధిపెట్టె వైపు పరిగెత్తేవాళ్లు ఈ నిమిషాన్ని మరిచిపోతారు. ఓడి పారిపోయేటప్పుడు ఎలాగూ కుదరదు.

మూడో ఎడిషన్‌లో లెక్క మరోలా ఉండేది. తగిలిన బాణం విరిగిపోయినట్టే. గురి తప్పినవే సగానికి సగం తిరిగి వాడుకోవడానికి దొరికేవి. నాకు ఇదే ఇంకా ఎక్కువ నచ్చుతుంది. ఉద్యోగం రాని ఇంటర్వ్యూలోంచి తెచ్చుకోవాల్సింది ఎంతో ఉంటుంది. బయటికి రాగానే ఇంటికి ఫోన్ చేసి 'రాలేదమ్మా' అనే ముందు, ఆ బిల్డింగ్ మెట్ల మీదే కూర్చుని అడిగిన ప్రశ్నలన్నీ రాసుకోండి. సాయంత్రానికి సగం మర్చిపోతారు. ఆ ప్రశ్నలే తర్వాతి ఇంటర్వ్యూకి మీ బాణాలు.

అడగడం ఎలా?

పుస్తకంలో లేని ఆయుధం చెయ్యాలనిపిస్తుంది ఒక్కోసారి. గాలిలో ఈల వేసుకుంటూ పోయే బాణం కావాలనుకోండి. జపాన్ సమురాయ్‌లు నిజంగానే అలాంటివి వాడారు. మొన దగ్గర బోలుగా చెక్కిన గుండు బిగించేవారు, వదిలితే పెద్దగా మోగేది. యుద్ధం మొదలైందని తెలపడానికి వేసేవారు. ఇది మీ పాత్రకు కావాలంటే డీఎంని ఒప్పించాలి.

'నాకు ఈల బాణం కావాలి, అది మోగితే శత్రువులంతా భయపడాలి' అంటే ఎవరైనా కాదంటారు. ఇలా అడిగి చూడండి. "అన్నా, బోలు మొన ఉన్న బాణం ఒకటి చేద్దామనుకుంటున్నాను. ఎముక కావాలి, అది మొన్న చంపిన జింకది నా సంచీలో ఉంది. రెండు రోజుల పని పెట్టుకుంటాను. గాయం మామూలు బాణం కంటే తక్కువే చేస్తుంది. దూరంగా ఉన్న మనవాళ్లకు సంకేతం ఇవ్వడానికి వాడుకుంటాను. నువ్వేమంటావు?" ఇందులో ఏం కావాలో ఉంది, సరుకు ఎక్కణ్నుంచో ఉంది, తను వదులుకునేదేమిటో కూడా ముందే ఉంది. ఇలా అడిగిన మనిషికి కాదని చెప్పడం చాలా కష్టం. మేనేజర్‌ని వర్క్ ఫ్రమ్ హోమ్ అడిగినా, నాన్నగారిని పై చదువుకు అడిగినా ఇదే వరస పాటించండి. అప్పటికీ కాదంటే, ఏం మారిస్తే ఔనంటారో ఆ ఒక్క ప్రశ్న వేసి రండి. మొహం మాడ్చుకోకండి.

తయారీ ఇష్టపడేవాళ్లు పాటించాల్సిన మర్యాద కూడా ఉంది. బల్ల దగ్గర మిగతా నలుగురూ మీ కొలిమి కథ వినడానికే రాలేదు. ఎప్పుడో ఒకసారి వివరంగా చెప్పండి. మిగతాసార్లు రెండు వాక్యాల్లో ముగించి, లెక్కలు సెషన్‌కి సెషన్‌కి మధ్య డీఎంతో ఫోన్‌లో చూసుకోండి. చేసిన మొదటి వస్తువును మాత్రం మీ దగ్గర ఉంచుకోకుండా జట్టులో ఒకరికి ఇచ్చి చూడండి. రెండు నాణేల బాకు, ఒక్క పూట పని. మంత్రాలన్నీ అయిపోయి వట్టి చేతులతో నిలబడే మాంత్రికుడికి అది ఇచ్చారంటే, ఆ తర్వాత తయారీకి మీరు తీసుకునే రోజుల గురించి జట్టులో ఎవరూ సణగరు.

ఇక ఆట నడిపేవాళ్లకు. మీ ఆటగాళ్లు ఏమీ తయారు చెయ్యట్లేదంటే వాళ్లకు తీరిక ఇవ్వట్లేదేమో చూసుకోండి. ఒక సాహసానికీ ఇంకోదానికీ మధ్య పది రోజులు ఖాళీ వదలండి. 2014 పుస్తకం లెక్కన అది సరిగ్గా ఒక పెద్ద విల్లు పూర్తయ్యేంత కాలం. అడవి అని ఊరుకోకుండా ఏ చెట్లున్నాయో చెప్పండి. చచ్చిన గద్దను వర్ణించేటప్పుడు దాని ఈకలు ఎంత పొడవున్నాయో కూడా చెప్పండి. ఎవరో ఒకరు చెయ్యెత్తి 'అన్నా, ఆ ఈకలు నేను తీసుకోవచ్చా?' అంటారు. తీసుకోమనండి, ఎన్నో రాసుకోమనండి.